ఏడుపు బాకీ

శ్రీరామ

జలంత్రకోట,
6-8-2008, బుధవారం.

ఈ రోజు పనులు: ఆవులకు కుడితి, రెండు పూటలా పాలు. మడిలో ఉభాలు పట్టి వరి నాటిన పదకొండుమంది ఆడవాళ్ళకు గంజి, ఉల్లిపాయ, ఎండుచేపల పులుసు. నూట ఇరవై కొబ్బరికాయలు పీచు ఒలిపించడం. నీ గది తుడిచి, తలుపు తీసి గాలి పెట్టడం. ఈ ఉత్తరం.

అక్కకు కామాక్షి నమస్కరించి రాసేది.

నీ మరిది నిన్న సాయంత్రం సోంపేటలో రైలు దిగి ఇంటికి వచ్చారు. ఎలా జరిగింది అంటే, "అయిపోనాది. వదిన బాగున్నాది. కూడెట్టు" అన్నారు. ఆ మనిషి దగ్గర అంతకంటే మాట రాదని నీకు తెలుసు. చొక్కా జేబులో డాక్టరు ఇచ్చిన కాగితం ఉంది. చొక్కాతోపాటు దాన్ని కూడా ఉతికేస్తారేమోనని నేను తీసి నా పుస్తకంలోకి ఎక్కించాను.

నోటిలోంచి గొట్టం దింపి నీ ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో మూడు చిన్న మూతలు పెట్టారట. ఆ భాగం ఉబ్బిన సంచిలా గాలి పట్టేసుకుని, కింది మంచి భాగాన్ని నొక్కేస్తోందట. ఇప్పుడు దాంట్లోని గాలి బయటికి వస్తుంది, కొత్త గాలి లోపలికి పోదు. కోత లేదు, కుట్లు లేవు. కాగితంలో అసలు జాగ్రత్తంతా ఆ తరవాత ఉంది. పైభాగం ముడుచుకుంటే కింది భాగం ఒక్కసారిగా సాగుతుంది. సాగేచోట చిరిగితే గాలి ఛాతీలోకి కారి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. అందుకని నలభై అయిదు రోజులు. లెక్క వేశాను, సెప్టెంబరు 18 గురువారం దాకా.

బిందె ఎత్తకూడదు. దొడ్డికి కూర్చుని ముక్కకూడదు, దానికి మందు వేరే ఇచ్చారు. దగ్గుకు మందు మానకూడదు. పొగ దగ్గరికి పోకూడదు. ఆస్పత్రికి అరగంట దూరం దాటి ఉండకూడదు, ఒక్కదానివీ ఉండకూడదు. అరవకూడదు, గొంతెత్తి ఏడవకూడదు. ఛాతీలో పోటు వచ్చినా, ఆయాసం ఒక్కసారి పెరిగినా, అదే తగ్గుతుందిలే అనుకోకుండా ఆ నిమిషమే చెప్పాలి. ఈ చివరిది రెండుసార్లు చదువు అక్కా. ఈ ఇంటికి తిరిగి రాకముందు పలాసలో ఇరవై రెండేళ్ళు పెరట్లో జీడిపిక్కలు కాల్చి, ఆ పొగ మింగి, ఒక్కనాడు ఆయాసమని చెప్పని మనిషివి.

చుట్ట సంగతి అడగను. ప్రమోదిని నీ కూతురు కాబట్టి నోరు తెరిపించి చూస్తుందనే నా నమ్మకం.

ఫోనులో నీకు నాలుగో మాటకే దగ్గు వస్తోందని అల్లుడు చెప్పాడు. ఫోను వద్దు. రాసుకుందాం. రాస్తే ఆయాసం రాదు.

కామాక్షి


విశాఖపట్నం,
9-8-2008.

కామాక్షికి అక్క పైడితల్లి దీవించి రాసేది.

ఈ రోజే ఆస్పత్రి నుంచి ప్రమోదిని ఇంటికి వచ్చాను. ఆటోలో పది నిమిషాల దూరం. నీ ఉత్తరం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నీ ఇల్లంతా కళ్ళకు కట్టింది, ఎండుచేపల పులుసు వాసనతో సహా.

చుట్ట సంగతి డాక్టరు కూడా అడిగాడు. చిన్నవాడు, మన అబ్బాయి అజయ్ కంటే పదేళ్ళు పెద్ద ఉంటాడేమో. "అమ్మా, నిప్పు లోపలికి పెట్టుకుని కాలుస్తారట కదా, కాలదా?" అన్నాడు. "నిప్పు బయటికుంటే గాలికి ఆరిపోద్ది బాబూ, మాది సముద్రంగాలి" అన్నాను. నర్సులు నవ్వారు. అతను నవ్వలేదు. నా ఊపిరితిత్తి ఫోటో చూపించాడు. చెదపురుగు తిన్న తాటాకులా ఉంది. ఆ మాట నేనే అన్నాను, అతను కాదనలేదు. చుట్ట మానేశాను కామాక్షీ. వెలిగించనిది ఒకటి నోట్లో పెట్టుకుని కూర్చుంటాను, అంతే. ప్రమోదిని అది కూడా లాక్కుంటోంది.

ఏడవకూడదట! నీకు నవ్వు రాలేదూ? మన వీధిలో ఎవరు పోయినా ముందు నా కోసమే కబురు వస్తుంది. నేను గొంతు ఎత్తుకుంటే తక్కిన ఆడవాళ్ళు అందుకోవాలి. ఈ నలభై అయిదు రోజులూ ఎవరినీ పోవద్దని చెప్పు. ముసలి తవిటమ్మకు ముఖ్యంగా చెప్పు. అయినా నేను ఏడవవలసిన ఏడుపు నీకొక్కదానికే బాకీ. ఆరేళ్ళ కిందట మీ బావ పోయినప్పుడు మూడు రోజులు నా పక్కన కూర్చుని ఏడ్చి ఏడ్చి నీ గొంతు పోయింది, నెల రోజులు సైగలతో సంసారం చేశావు. ఆ బాకీ తీర్చే అవసరం నాకు రాకూడదని, నేనే ముందు పోవాలని ఆయన ఫోటో ముందు రోజూ అనుకుంటాను.

ఇంకొక మాట. నా మరిది ధర్మం చెప్పవద్దన్నాడు, అయినా చెబుతున్నాను. నన్ను చేర్చిన రోజు నా సంచి పట్టుకుని రెండో అంతస్తు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఎడమ భుజం పట్టుకున్నాడు. ముఖమంతా చెమట. ఏటిరా అంటే, "ఏటీ నేదు వదినా, రాత్రి రైల్లో తొంగోనేదు. కామాక్షికి సెప్పకు, పెద్ద పుస్తకం తీసి రాసేత్తాది" అన్నాడు. ఆరేళ్ళవాడు తల్లి పోయి నా కొంగు పట్టుకున్న నాటి నుంచి వాడి ముఖం నాకు తెలుసు. అది నిద్రలేని ముఖం కాదు. ఒకసారి గుండె డాక్టరుకు చూపించు. బేగి చూపించు.

శ్రావణ శుక్రవారం వస్తోంది. పూజకు ఎవరెవరిని పిలిచావో పేర్లతో రాయి.

అక్క


జలంత్రకోట,
15-8-2008, శుక్రవారం.

పనులు: ఇంట్లో మైల. పొయ్యి వెలిగించలేదు. తవిటమ్మ ఇంటి నుంచి కూడు వచ్చింది. ఆవులకు నీళ్ళు పెట్టాను.

ప్రమోదినీ,

ఇది నీ బడి అడ్రసుకు రాస్తున్నాను. చదివి అక్కడే చింపెయ్యి. ఇంటికి తీసుకెళ్ళకు.

మీ చిన్నాన్న ఎలా పోయారని నువ్వు ఫోనులో అడిగావు. బుధవారం టెక్కలిలో పొలం కాగితాల పని ఉందని ఏడు గంటల బస్సుకు వెళ్ళారు. పదకొండు గంటలకు బస్టాండులో సోడా అడిగి, బల్ల మీద కూర్చుని, సోడా తెచ్చేలోపు పక్కకు ఒరిగిపోయారట. ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయింది. గురువారం పొద్దున్న దహనం. అజయ్ కొరివి పెట్టాడు. వాడు ఆ రోజే కాలేజీలో పరీక్ష రాయవలసినవాడు.

దహనం అయి అందరూ స్నానాలు చేసి వచ్చాక పోస్టుమాన్ వచ్చాడు. మీ అమ్మ ఉత్తరం. 9న రాసింది 14న అందింది. అందులో మీ చిన్నాన్న మెట్ల మీద భుజం పట్టుకున్న సంగతి ఉంది, డాక్టరుకు చూపించమని ఉంది. నేను గడప మీద కూర్చుని చదివాను. రెండు రోజుల ముందు అంది ఉంటే అని ఇప్పుడు నేను అనుకోదలుచుకోలేదు. కానీ ఈ తేదీ మీ అమ్మకు ఎప్పటికీ తెలియకూడదు. నీకు నాకు తప్ప మూడోవాళ్ళకు తెలియదు.

అల్లుడు ప్రేమ్‌కుమార్ దహనానికి ఇక్కడికి వస్తే, ఆఫీసు పని మీద వెళ్ళాడని మీ అమ్మకు చెప్పావట. మంచిపని చేశావు. నువ్వు రాలేకపోయినందుకు బాధపడకు. నువ్వు వస్తే ఆమె దగ్గర ఎవరుంటారు? డాక్టరును నువ్వు అడిగిన దానికి అతను, చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి, కానీ గుండెలు బాదుకుని ఏడిస్తే ఆ ఊపిరితిత్తి నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేనన్నాడు కదా. అయితే ఆలోచించేదేముంది. మీ అమ్మ ఏడుపు నీకు తెలియనిదా? మరిది అని ఏడవదు, కొడుకని ఏడుస్తుంది. ఆయన్ని పోగొట్టుకున్నాం, మీ అమ్మనైనా నిలుపుకోవాలి. సెప్టెంబరు 18 దాకా ఎవరూ నోరు తెరవకూడదు. మీ ఇంటి ఫోను నువ్వు గాని అల్లుడు గాని తప్ప ఎవరూ తీయకూడదు.

మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. మొగుడు పోయినది తనంతట తాను గొంతు ఎత్తదు. తోటికోడలు పక్కన కూర్చుని ఎత్తుకోవాలి, అప్పుడు ఈమె అందుకోవాలి. తవిటమ్మ నన్ను పట్టుకుని ఊపేసింది. "ఏడవే గుంటా, ఏడు. ఏడవకపోతే గుండె రాయైపోద్ది." "అక్క రావాలి" అన్నాను. వెనకనుంచి ఎవరో, "సూసినారా, కంట సుక్క నేదు. లెక్కల పుస్తకంలాటి మనిషి" అన్నారు. అననీ.

మీ అమ్మ శుక్రవారం పూజ గురించి అడిగింది. పేర్లతో సహా రాయమంది. ఆ శుక్రవారం ఈ రోజే.

పిన్ని


జలంత్రకోట,
16-8-2008, శనివారం.

ఈ రోజు పనులు: ఆవులు, పాలు. ఇల్లు కడగడం. పెరట్లో కంచె కట్టడం. ఈ ఉత్తరం.

అక్కకు కామాక్షి నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం అందింది. నీ డాక్టరు మంచివాడిలా ఉన్నాడు. వెలిగించని చుట్ట కూడా మానెయ్యి, నోటికి అలవాటు పోవాలి.

నీ మరిదికి చెప్పాను. కోప్పడ్డారు కానీ సోంపేట తీసుకెళ్ళాను. డాక్టరు చూసి మాత్రలు రాశాడు. నీ మరిది ఇప్పుడు బాగున్నారు. పొద్దున్న కొబ్బరితోటకు వెళ్ళి మట్టలు ఏరించారు. మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. వదిన ఎలా ఉందని అడిగారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అజయ్‌తో చదువు సంగతి మాట్లాడారు. ఉప్పు తగ్గించమంటే నీ మరిది నవ్వారు.

శుక్రవారం పూజ అయింది. ఎప్పుడూ వచ్చేవాళ్ళే వచ్చారు.

జాగ్రత్తలు మరిచిపోకు. ఈ రోజుకు పన్నెండు రోజులు అయ్యాయి, ముప్పై మూడు ఉన్నాయి.

కామాక్షి


విశాఖపట్నం, ఆస్పత్రి,
24-8-2008.

కామాక్షికి అక్క దీవించి రాసేది.

చేతిరాత వంకరగా ఉంటే కంగారుపడకు. పడుకుని రాస్తున్నాను. మంగళవారం, 19వ తేదీ, నీ ఉత్తరం వచ్చిన పూటే, మధ్యాహ్నం భోజనం దగ్గర ఎడమవైపు కత్తి దించినట్టు పోటు వచ్చింది. పోటు వెంట ఊపిరి అందలేదు. గుక్కెడు నీళ్ళు తాగి చూద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో నీ కాగితం గుర్తొచ్చింది, ఆ నిమిషమే చెప్పాలి అన్నది. ఆదివారం నుంచి జ్వరంతో బడి మానేసి ప్రమోదిని ఇంట్లోనే ఉంది, నా అదృష్టం. కంచం తోసేసి, "అమ్మీ, సిరిగిపోనాది" అన్నాను. ఆటో ఎక్కించింది. ఇరవై నిమిషాల్లో పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. గొట్టం రెండో చివర నీళ్ళ సీసాలో ఉంటుంది. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఆ నీళ్ళలో బుడగలు. నాలుగు రోజులు ఆ బుడగలు చూస్తూ పడుకున్నాను. నిన్నటి నుంచి బుడగలు లేవు. చిరుగు మూసుకుందట. రేపో ఎల్లుండో గొట్టం తీస్తారు. మూతలు మాత్రం కదల్లేదు.

డాక్టరు, "గంట ఆలస్యమైతే కష్టమయ్యేదమ్మా. చాలామంది నొప్పి దాచుకుని కూర్చుంటారు" అన్నాడు. నొప్పి దాచుకోవడం మన ఇంటి అలవాటు కామాక్షీ. మంచి అలవాటు కాదు.

నా సంగతి ఇంతే. నువ్వు రాయి. ఉత్తరం చిన్నదైనా సరే, ధర్మం ఏ పూట ఏం చేశాడో రాయి. ఎక్కడికి వెళ్ళాడు, ఏం తిన్నాడు, నిన్ను ఏమని విసిగించాడు, అన్నీ. ఇక్కడ పడుకున్నదానికి అవే కాలక్షేపం. నువ్వు వేళకు తిను. నా గదిలో, నా మంచం మీద పడుకో. ఆ గదికి గాలి బాగా వస్తుంది.

అక్క


శ్రీరామ

జలంత్రకోట,
27-8-2008, బుధవారం.

ఈ రోజు పనులు: ఆవులు, పాలు. బట్టలు ఉతకడం, రెండు బుట్టలు. మినుములు ఎండబోయడం, వాన వస్తే లోపలికి తేవడం, మళ్ళీ ఎండబోయడం. ఈ ఉత్తరం.

అక్కకు కామాక్షి నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం చదివి అరుగు మీదే కూర్చుండిపోయాను. ప్రమోదిని ఫోను చేసి చెప్పింది కానీ, నీ రాత చూస్తేగాని నమ్మకం కుదరలేదు. నిమిషంలో చెప్పినందుకు నీకు దండం పెట్టాను, విశాఖపట్నం ఎటుందో ఆ దిక్కుకు తిరిగి.

నీ మరిది సంగతులు అడిగావు. సోమవారం సుమ్మాదేవి వెళ్ళి ఈశ్వరరావు దగ్గర జీడిమొక్కలు చూసి వచ్చారు. మొక్కలు బాగున్నాయిగాని మనిషి బాగులేడని తీసుకోలేదు. మంగళవారం వానకు గొడుగు లేకుండా తోటకు వెళ్ళి తడిసి వచ్చారు. తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తే దాంతో దూడను తుడిచారు. "నువ్వు తుడుసుకోవేటి?" అంటే, "నాను ఆరిపోతాను, అది గుంట కదా" అన్నారు. ఈ రోజు నెత్తళ్ళ చేపలు తెచ్చారు. ఇసుక ఎక్కువ ఉంది, నాలుగు నీళ్ళు కడిగాను. తిన్నాక, "వదిన ఉంటే ఐదు నీళ్ళు కడుగును" అన్నారు.

నీ మాట ప్రకారం నీ గదిలో పడుకుంటున్నాను.

ఇరవై మూడు రోజులు అయ్యాయి. చిరుగు మూసుకున్నా జాగ్రత్త తగ్గించకు. ఇరవై రెండు ఉన్నాయి.

కామాక్షి


విశాఖపట్నం,
4-9-2008.

కామాక్షికి అక్క దీవించి రాసేది.

గొట్టం తీసి తొమ్మిది రోజులయింది. ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్న వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. నలభై అడుగులు, మధ్యలో ఆగలేదు. ఆస్పత్రికి రాకముందు మన ఇంట్లో మంచం నుంచి నూతి దాకా మూడుసార్లు కూర్చునేదాన్ని, గుర్తుందా? గాలి ఇంత కిందిదాకా పోతుందని మరిచిపోయాను. సిగ్గుగా ఉంది కామాక్షీ, ఇంత గాలి నా ఒక్కదానికి ఎందుకు అనిపిస్తుంది.

దూడను తుడిచిన సంగతి నాలుగుసార్లు చదివించుకున్నాను. వాడంతే. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో, నాకు పదిహేనేళ్ళు, వాడికి ఆరు. వాన పడుతుంటే కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని వచ్చాడు. మన మావగారు కర్ర తీశారు. వాడు నా చీర కుచ్చెళ్ళ వెనక దూరి, "వదినా, నన్ను కొడితే కొట్టమను, దీన్ని సూపెట్టకు" అన్నాడు. ఆ రోజు దెబ్బ నా మోచేతికి తగిలింది. ఆ మచ్చ చూసి వాడు పెళ్ళయ్యాక కూడా, "ఇది నాదే" అనేవాడు.

ఏదో రాసుకుపోతున్నాను. చవితి పూజ ప్రమోదిని చేసింది. నేను ఎత్తుపీట మీద కూర్చుని చూశాను.

నీ తరవాతి ఉత్తరం కోసం చూస్తాను. వాడు ఏం చేశాడో రాయి.

అక్క


శ్రీరామ

జలంత్రకోట,
10-9-2008, బుధవారం.

ఈ రోజు పనులు: ఆవులు. పాలు. ఈ ఉత్తరం.

అక్కకు కామాక్షి నమస్కరించి రాసేది.

నలభై అడుగులు పుస్తకంలో రాసుకున్నాను, తేదీ వేసి.

నీ మరిది ఆదివారం కొబ్బరితోటలో ఎలుకలు కొట్టిన కాయలు ఏరించారు. సోమవారం అరుగు మీద మంచానికి నవారు బిగించారు. నిన్న ఏమీ చేయలేదు. ఈ రోజు కూడా ఏమీ చేయలేదు.

అక్కా, 18న డాక్టరు చూసి సరే అన్నాక ఇక్కడికి బయలుదేరే ముందు నాకు ఒక మాట రాయి. నేను నీకు ఒక ఉత్తరం రాయవలసి ఉంది. అది అందాకే రైలు ఎక్కు. అజయ్‌ని పంపిస్తాను.

ఎనిమిది రోజులు ఉన్నాయి.

కామాక్షి


విశాఖపట్నం,
19-9-2008.

నా చెల్లి కామాక్షికి,

నిన్న డాక్టరు ఫోటో తీసి చూశాడు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంది. చిరుగు జాడ లేదు. "నలభై అయిదు రోజులు గట్టెక్కారమ్మా" అన్నాడు. "ఇక ఏడవొచ్చా బాబూ?" అని అడిగాను. ప్రమోదిని నా ముఖం చూసి గోడకు ఆనుకుంది.

నువ్వు రాయవలసిన ఉత్తరం రాయవద్దు. నాకు తెలుసు. ఆగస్టు 19 నుంచి తెలుసు.

ముప్పై ఏళ్ళుగా నువ్వు ఏ కాగితం రాసినా పైన శ్రీరామ ఉంటుంది. సరుకుల చీటీకి ఉంటుంది, చాకలి పద్దుకు ఉంటుంది. ఆ రోజు వచ్చిన ఉత్తరానికి లేదు. మొగుడు బతికే ఉన్నాడని అబద్ధం రాయగలిగావుగాని, మైలలో దేవుడి పేరు రాయలేకపోయావు. ఇంట్లో ఎవరో పోయారని తెలిసింది. ఎవరని వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏ ఉత్తరంలోనూ ఒకసారి కంటే ఎక్కువ చెప్పని మనిషివి, ఆ చిన్న కాగితంలో నీ మరిది, నీ మరిది అని అన్నిసార్లు రాశావు. శుక్రవారం పూజకు వచ్చినవాళ్ళ పేర్లు అడిగితే ఒక్క పేరు రాయలేదు.

కంచం ముందు కూర్చుని ఏడుపు మింగాను. అదే పోటైందో, దానికదే వచ్చిందో డాక్టరుకు కూడా తెలియదు. అయినా అప్పుడు బతకాలనుకున్నాను. నేను ఇక్కడ పోతే నీ పక్కన కూర్చుని ఎత్తుకునేది ఎవరు? నువ్వు ఏడవకుండా కూర్చుంటావని నాకు తెలుసు. అందుకే ఆ నిమిషమే చెప్పాను. ఇన్నాళ్ళూ దగ్గు మందు ఒక్క పూట తప్పలేదు, బిందె ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. నీ బాకీ కోసం ఊపిరి దాచాను. నాకు తెలిసిందని ప్రమోదినికి కూడా తెలియనివ్వలేదు. వాడి సంగతులు రాయమని నిన్ను ఎందుకు అడిగానంటే, నువ్వు రాస్తుంటే వాడు మనిద్దరికీ ఇంకో నెల బతికాడు. అది తప్పైతే క్షమించు.

నిన్న ఇంటికి వచ్చి తలుపు మూసి కూర్చున్నాను. గొంతు ఎత్తుకుందామంటే రాలేదు. ఊపిరి ఉంది, గొంతు లేదు. నీ పక్కన తప్ప అది రాదు. వచ్చే మంగళవారం వస్తాను. అంతవరకు నిన్ను ఒక్కదాన్నీ ఉంచలేక కాగితం మీద ఎత్తుకుంటున్నాను. తవిటమ్మను, మన వీధివాళ్ళను కూర్చోబెట్టి పైకి చదువు.

ఓలమ్మ సెల్లీ, నా సెల్లీ,
ఆరేళ్ళ గుంటడు నా కొంగట్టుకున్నాడు సెల్లీ,
నా సేతి ముద్ద తిని నా భుజాన తొంగున్నాడు సెల్లీ,
నాకు తగిలిన దెబ్బకి ఆడు ఏడిసినాడు సెల్లీ.
నా సంచి మోసి మెట్లెక్కినాడు, నా ఊపిరి నాకిప్పించినాడు,
తన ఊపిరి టెక్కల్లో ఒగ్గీసినాడు సెల్లీ.
సోడా తెమ్మన్నోడు తాగకుండా ఎలిపోనాడు సెల్లీ,
నువ్వు కడిగిన నెత్తళ్ళు ఎవులు తింటారే సెల్లీ,
తడిసిన తల ఎవులు తుడుత్తారే సెల్లీ.
ముందు పోవలసిన ముసిల్దాన్ని నానుండిపోనాను,
నా కొడుకు పోనాడే, నీ మొగుడు పోనాడే సెల్లీ.

టెక్కలి సంగతి నిన్న ప్రమోదిని చెప్పింది. ఒక్కటి మాత్రం ఎంత అడిగినా చెప్పడం లేదు, పిన్నిని అడుగు అంటోంది. ధర్మం భుజం పట్టుకున్నాడని నేను రాసిన ఉత్తరం నీకు ఏ రోజు అందింది? వాడు చెప్పవద్దన్నాడని అయిదు రోజులు ఊరుకున్నాను. మెట్ల మీదే ఫోను చేసి ఉంటే? నువ్వు తేదీలు రాసి పెట్టే మనిషివి. పుస్తకం చూసి రాయి. నిజం రాయి.

అక్క


శ్రీరామ

జలంత్రకోట,
22-9-2008, సోమవారం.

ఈ రోజు పనులు: ఆవులకు కుడితి, రెండు పూటలా పాలు. నీ గది కడగడం, మంచానికి ఎండ పెట్టడం. మధ్యాహ్నం పొయ్యి వెలగలేదు, ఎందుకో కింద రాశాను. ఈ ఉత్తరం. రేపు అజయ్ నిన్ను తీసుకురావడానికి వచ్చేటప్పుడు తెచ్చి ఇస్తాడు, రైల్లో చదువుకో.

అక్కకు కామాక్షి నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం పదకొండు గంటలకు అందింది. నువ్వు చెప్పినట్టే తవిటమ్మను, వీధివాళ్ళను పిలిచాను. కాంతమ్మ, దహనంనాడు నేను ఏడవలేదని లెక్కల పుస్తకంలాటి మనిషి అన్నది ఆమేనని తరవాత తెలిసింది, ఆమె కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. మొదటి నాలుగు వరసలు మామూలుగా చదివాను. నెత్తళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాగితం కనిపించలేదు. తవిటమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అయినా దాన్ని రొమ్ముకు అదుముకుని నేను ఎక్కడ ఆపానో అక్కడినుంచి అందుకుంది. అప్పుడు నాకు గొంతు వచ్చింది. నలభై రోజుల ఏడుపు. ఎంతసేపో నేను లెక్క పెట్టలేదు. నా తల కాంతమ్మ ఒడిలో ఉందని ఎప్పటికో తెలిసింది. ఆమె, "ఏడు తల్లీ, ఏడు. మీ అక్క ఇక్కడే ఉన్నాది" అంటోంది.

సుమ్మాదేవి, దూడ, నెత్తళ్ళు, నవారు, అవి నేను కల్పించినవి కావు. పోయిన ఏడాది పుస్తకంలో ఏ తేదీకి ఏముందో అదే తీసి రాశాను. ఆయన మాటలు కూడా అందులో ఉన్నవే. సెప్టెంబరు 9, 10 తేదీలకు పోయిన ఏడాది నేను ఏమీ రాయలేదు. అందుకే నీకూ ఏమీ రాయలేకపోయాను.

నీ ఉత్తరం అందిన తేదీ అడిగావు. పుస్తకం చూశాను. ఆగస్టు 12, మంగళవారం, మధ్యాహ్నం. చదివి వెంటనే ఆయనకు చూపించాను. ఆయన నవ్వి, "వదినకి నానింకా ఆరేళ్ళోడినే" అన్నారు. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు, ముందు టెక్కలి పని చూసుకుంటానన్నారు. నువ్వు చెప్పావు, నేను చెప్పాను, ఆయన వినలేదు. నీ వల్ల ఆలస్యమైంది ఏమీ లేదు.

రేపు రైలు దిగాక నెమ్మదిగా నడువు. గుమ్మంలో అరవకు. నా పక్కన కూర్చో, అది చాలు. నీ పేరున ఉన్నదాన్ని ఈ సాయంత్రం పుస్తకంలో కొట్టేశాను.

ఏడుపు బాకీ, పైడితల్లి అక్క, 2002 నుంచి. 22-9-2008న ముట్టింది. తీరింది.

కామాక్షి